వంగకూ టమాటాకూ ఇంటిపేరు ఒక్కటే

చిరంజీవులకు, తాతయ్య ఆశీస్సులు.

జాతి, ప్రజాతి ఒకటేనా అని అడిగారు కదా. కావు. నిర్వచనాలు బట్టీ పట్టే ముందు ఒకసారి పెరట్లోకి వెళ్లండి.

వంగ పువ్వొకటి, టమాటా పువ్వొకటి కోసి పక్కపక్కన పెట్టండి. ఒకటి ఊదా, ఒకటి పసుపు. కానీ రెండింటిలోనూ రేకులు అడుగున కలిసిపోయి ఉంటాయి. నడుమ పసుపుపచ్చని కేసరాలు ఒకదాన్నొకటి ఆనుకుని మొనదేలి నిలబడతాయి. బంగాళాదుంప పువ్వుదీ అదే తీరు. ఇలా దగ్గరి చుట్టరికమున్న జాతులను ఒకచోట చేర్చితే అది ప్రజాతి. ఈ మూడింటి ప్రజాతి సొలానమ్. వంగ సొలానమ్ మెలాంజినా, టమాటా సొలానమ్ లైకోపెర్సికమ్, బంగాళాదుంప సొలానమ్ ట్యూబరోసమ్. మన ఇంటిపేరులాగే ప్రజాతి పేరు ముందు వస్తుంది.

మరి జాతి? గుత్తివంకాయ మొక్క పుప్పొడి పొడుగు వంగ పువ్వు మీద పడితే విత్తనం కడుతుంది, అది మొలిచి మళ్లీ కాస్తుంది. కాబట్టి అవి రకాలే తప్ప వేరే జాతులు కావు. అదే పుప్పొడిని టమాటా పువ్వుకు అద్ది చూడండి, విత్తనం కట్టదు. మొక్కల్లో దగ్గరి జాతుల మధ్య సంకరం కుదరడమూ ఉంది కానీ, మీ తరగతికి ఈ గుర్తు చాలు. రూపాన్ని మాత్రం నమ్మకండి: క్యాబేజీ, కాలీఫ్లవర్ రెండూ ఒకే జాతి, బ్రాసికా ఒలరేసియా!

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ టమాటాను సొలానమ్‌లోనే చేర్చారు. 1754లో ఇంగ్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు ఫిలిప్ మిల్లర్ దాన్ని వేరు చేసి, 1768లో లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్ అన్నారు. మీ నాన్నల కాలం పుస్తకాల్లో ఆ పేరే ఉండేది. తర్వాత డీఎన్ఏ పరిశీలనలు బంగాళాదుంపతో దాని దగ్గరితనాన్ని తేల్చాక మళ్లీ సొలానమ్‌కు చేర్చారు. ఇన్ని మార్పుల్లోనూ టమాటా అదే జాతి. ఎవరితో కలిసి విత్తనం కట్టాలో మొక్కే తేల్చుకుంటుంది. ప్రజాతి గీతను ఎక్కడ గీయాలో మాత్రం శాస్త్రజ్ఞులు ఆధారాలు చూసి నిర్ణయిస్తారు. కొత్త ఆధారం దొరికితే గీతను జరుపుతారు.

ఇప్పుడు మిరప పువ్వు కూడా కోయండి. అది క్యాప్సికమ్ ప్రజాతి, కుటుంబం (దగ్గరి ప్రజాతులను చేర్చిన పెద్ద గుంపు) మాత్రం వీటిదే, సొలనేసి. దాని కేసరాల రంగు, అవి నిలబడిన తీరు చూసి, మీకు కనిపించిన తేడా బొమ్మ వేసి పంపండి.

ప్రేమతో,
మీ తాతయ్య