మిగిలిపోయిన 52 మైళ్లు: డ్రైవర్ లేని కారు జోస్యాల వెనక కథ

అమెరికాలో ఉంటున్న మనవాళ్ల వాట్సాప్ స్టేటస్‌లలో ఈ మధ్య ఒక వీడియో తరచూ కనబడుతోంది. వెనక సీట్లోంచి తీసింది. డ్రైవర్ సీటు ఖాళీ. స్టీరింగ్ దానంతటదే తిరుగుతూ ఉంటుంది. ఊరి నుంచి కొత్తగా వెళ్లిన అమ్మ గనక పక్కనుంటే "ఓరి నాయనో" అన్న మాట కూడా వినిపిస్తుంది. చూసినవాళ్లు అడిగేది ఒకటే: మన దగ్గరికి ఎప్పుడొస్తుంది?

ఈ "ఎప్పుడు"కు తేదీ చెప్పిన పెద్దమనుషులు గత తొంభై ఏళ్లలో చాలామందే ఉన్నారు. దాదాపు అందరి లెక్కా తప్పింది. తెలివితక్కువ వాళ్లయి తప్పలేదు. చాలాసార్లు వాళ్ల చేతిలో నిజంగా నడిచే బండి ఉంది కూడా. తప్పింది మరో చోట.

1925లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద ఒక కారు డ్రైవర్ లేకుండా వెళ్లింది. హౌడినా రేడియో కంట్రోల్ అనే కంపెనీ చేసిన ప్రదర్శన అది. కారు మీద ఏరియల్, వెనకే ఇంకో కారులో కూర్చున్న మనిషి చేతిలో రేడియో మీటలు. అంటే డ్రైవర్ మాయం కాలేదు, వెనక కారులోకి మారాడు. ఆ కారు కాస్త దూరం వెళ్లి ఇంకో బండిని గుద్దింది. కంపెనీ పేరు తన పేరుకు దగ్గరగా ఉందని గారడీ వీరుడు హ్యారీ హౌడినీ ఆ ఆఫీసుకు వెళ్లి రభస చేశాడట, అది వేరే కథ.

అసలు పెద్ద జోస్యం 1939 నాటిది. న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనరల్ మోటార్స్ 'ఫ్యూచరామా' అనే కొలువు పెట్టింది. రూపకర్త నార్మన్ బెల్ గెడ్డెస్, రంగస్థల అలంకరణ నుంచి వచ్చినవాడు. మన దసరా బొమ్మల కొలువును 35,000 చదరపు అడుగులకు పెంచి ఊహించుకోండి. 5 లక్షల చిన్న ఇళ్లు, 10 లక్షల చెట్లు, 50,000 బొమ్మ కార్లు, వాటిలో 10,000 నిజంగా కదిలేవి. జనం కదిలే కుర్చీల్లో కూర్చుని పైనుంచి చూసుకుంటూ వెళ్లేవారు. బయటికొచ్చేటప్పుడు "నేను భవిష్యత్తును చూశాను" అని రాసి ఉన్న బ్యాడ్జి ఇచ్చేవారు. ఆ భవిష్యత్తు 1960. అప్పటికి పద్నాలుగు లేన్ల రోడ్ల మీద కార్లు రేడియో సాయంతో ఒకదానికొకటి దూరం పాటిస్తూ వాటంతటవే వెళ్తాయన్నారు.

అందులో సగం నిజమైంది. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో అమెరికాలో 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారుల పని మొదలైంది. సిమెంటు, తారు, భూసేకరణ, ఇవన్నీ డబ్బు పోస్తే అయ్యే పనులు. మిగతా సగం అలాంటిది కాదు. బెల్ గెడ్డెస్‌ను 1960లో "ఏమయిందండీ మీ మాట" అని అడిగే అవకాశం కూడా ఎవరికీ రాలేదు. ఆయన 1958లోనే పోయాడు.

తెలివిని ఎక్కడ పెట్టాలన్నది అప్పటి ఇంజినీర్ల ముందున్న ప్రశ్న. కంప్యూటరంటే గది నిండా పట్టే రోజులవి. కారులో పెట్టలేరు. అందుకని రోడ్డులో పెట్టారు. టెలివిజన్ పుట్టుకలో పెద్ద పాత్ర ఉన్న వ్లాదిమిర్ జ్వోరికిన్ బృందం ఆర్‌సీఏ కంపెనీలో ఈ పని చేసింది. రోడ్డు కింద తీగ పాతి కరెంటు పంపిస్తే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. కారు ముందు భాగంలోని తీగచుట్టలు ఆ క్షేత్రాన్ని పసిగట్టి, బండి ఏ పక్కకు జరుగుతోందో చెబుతాయి, స్టీరింగ్ సర్దుకుంటుంది. 1957లో నెబ్రాస్కా రాష్ట్రం లింకన్ ఊరి దగ్గర 400 అడుగుల నిజమైన రోడ్డు మీద దీన్ని పరీక్షించారు. 1958లో జనరల్ మోటార్స్ తన సొంత ప్రాంగణంలో ఒక మైలు పొడవున షెవ్రొలే కారును ఇలాగే నడిపింది.

పని చేసింది! ఈ చరిత్రలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. మరి ఎందుకు రాలేదంటే, లక్షల మైళ్ల రోడ్డు తవ్వి తీగ ఎవరు పాతాలి? అలాంటి కార్లు లేకుండా ప్రభుత్వం రోడ్డు తవ్వదు. అలాంటి రోడ్డు లేకుండా జనం ఆ కారు కొనరు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు.

జోస్యాలు మాత్రం ఆగలేదు. 1956లో జనరల్ మోటార్స్ 'ఫైర్‌బర్డ్ 2' అనే టైటానియం ఒంటి కారుతో పాటు ఒక ప్రచార చిత్రం చూపించింది. అందులో 1976 నాటి కుటుంబం కంట్రోల్ టవర్‌లోని మనిషితో మాట్లాడి, ఆటోమేటిక్ లేన్‌లోకి వెళ్లి చేతులు వదిలేస్తుంది. కరెంటు కంపెనీల ప్రకటనల్లో నలుగురున్న కుటుంబం కారులో బల్ల చుట్టూ కూర్చుని డామినో ఆడుకునేది. ఫోర్డ్ వాళ్లయితే 1958లో అణు రియాక్టర్‌తో నడిచే 'న్యూక్లియాన్' నమూనా తయారు చేశారు. అది బొమ్మగానే మిగలడం మన అదృష్టం.

రోడ్డులో తెలివి పెట్టే ఆలోచనకు చివరి ఊపిరి 1997లో ఆగింది. 1991లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి మరీ ఆటోమేటిక్ హైవే చేసి చూపించమంది. ఆరేళ్లకు శాన్ డియేగో దగ్గర 7.6 మైళ్ల రోడ్డులో అయస్కాంతాలు పాతి, 8 బ్యూయిక్ కార్లను రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి నడిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత కార్యక్రమం మూతపడింది.

ఈలోగా తెలివి రోడ్డులోంచి లేచి కారులోకి ఎక్కేసింది. ఈ మలుపులో మనకూ ఒక చుట్టరికం ఉంది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. తర్వాత 1994లో కంప్యూటర్ రంగంలో అతి పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నదీ, మన ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ అయినదీ ఆయనే. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన బండ్ల వరుస పేరు 'నావ్‌ల్యాబ్'. మొదటిది కంప్యూటర్లు కుక్కిన వ్యాను. అక్కడి పరిశోధకుడు డీన్ పామర్లో 1989లో ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌కు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్‌కు, డ్రైవింగ్ నేర్పాడు. దానికి కనబడే దృశ్యం అడ్డం 32, నిలువు 30 చుక్కలు, అంతే. మనిషి కాసేపు నడిపి చూపిస్తే అది చూసి నేర్చుకునేది.

1995 జులైలో పామర్లో, టాడ్ జోకెమ్ కలిసి నావ్‌ల్యాబ్ 5 అనే పాంటియాక్ మినీవ్యాన్‌లో పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియేగోకు బయల్దేరారు. మొత్తం 2,849 మైళ్లు. అందులో 2,797 మైళ్లు స్టీరింగ్ కంప్యూటరే తిప్పింది. 98.2 శాతం. మనుషులు పట్టుకున్నది 52 మైళ్లు.

అదే ఏడాది జర్మనీలో ఎర్నెస్ట్ డిక్‌మన్స్ బృందం మెర్సిడెస్ కారును మ్యూనిక్ నుంచి డెన్మార్క్‌లోని ఓడెన్స దాకా పంపి వెనక్కి రప్పించింది. వేగం ఒక దశలో గంటకు 175 కిలోమీటర్లు. పిట్స్‌బర్గ్ బండిలో బ్రేకు, యాక్సిలరేటర్ మనుషుల కాళ్ల కిందే ఉండేవి. జర్మన్ కారు అవి కూడా తనే చూసుకుంది. ఆ దూరంలో దాదాపు 95 శాతం స్వయంగా నడిచింది.

ఆ రోజు ఈ లెక్కలు విన్నవాడు ఎవడైనా ఏమనుకుంటాడు? నూటికి 98 వచ్చేశాయి, ఇంక రెండు మార్కులేగా, ఐదేళ్లు చాలు అనుకుంటాడు. నేనైనా అలాగే అనుకునేవాణ్ని. ఆ 52 మైళ్లు అలా తెగేవి కావు. గీతలు బాగున్న హైవే మీద బండిని మధ్యలో ఉంచడం ఒక పని. రోడ్డు తవ్వి డ్రమ్ములు అడ్డంపెట్టిన చోట, పోలీసు చెయ్యి ఊపుతున్న చోట, బంతి వెనక పిల్లాడు పరుగెత్తుకొచ్చే చోట ఏం జరగబోతోందో ఊహించడం పూర్తిగా వేరే పని. పిట్స్‌బర్గ్‌లోనే పనిచేసిన హాన్స్ మొరావెక్ అప్పటికే ఈ మాట అన్నాడు: పెద్దవాళ్లకు కష్టమనిపించే తెలివి పరీక్షలు యంత్రానికి తేలిక, ఏడాది పిల్ల చేసే చూపు, నడక యంత్రానికి బహు కష్టం.

2004లో అది అందరి ముందూ రుజువైంది. 2015కల్లా సైన్యం నేల మీద నడిపే యుద్ధ వాహనాల్లో మూడో వంతు మనిషి లేకుండా నడవాలని అమెరికా కాంగ్రెస్ లక్ష్యం పెట్టింది. దానికోసం అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా మోహావీ ఎడారిలో 10 లక్షల డాలర్ల బహుమతితో డ్రైవర్ లేని బండ్ల పందెం పెట్టింది. దారి 142 మైళ్లు. అందరికంటే ముందున్న కార్నెగీ మెలన్ బండి ఏడు మైళ్ల చిల్లర వెళ్లి గట్టు మీద ఇరుక్కుంది. మరుసటి ఏడాది ఐదు బండ్లు 132 మైళ్లూ పూర్తి చేశాయి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం బండి 'స్టాన్లీ' గెలిచింది. ఏడాదిన్నరలో ఏడు మైళ్ల నుంచి గమ్యం దాకా! పందెంలో ఆరితేరిన వాళ్లలో చాలామందిని 2009లో గూగుల్ తన ప్రాజెక్టులోకి తీసుకుంది.

అక్కడి నుంచి జోస్యాల గడువు కురచైపోయింది. 1939లో ఇచ్చుకున్న వాయిదా 21 ఏళ్లు. 1956లో 20. 2012లో గూగుల్ సహవ్యవస్థాపకుడు సెర్గే బ్రిన్ ఐదేళ్లలోపే అన్నాడు. 2015లో ఆ ప్రాజెక్టు అధిపతి క్రిస్ అర్మ్‌సన్ తన పదకొండేళ్ల కొడుక్కి నాలుగున్నరేళ్ల తర్వాత డ్రైవింగ్ లైసెన్సు అవసరం రాకుండా చూస్తామన్నాడు. 2016లో ఫోర్డ్ 2021కల్లా స్టీరింగ్ లేని కారు తెస్తానంది. 2019లో ఎలాన్ మస్క్ వచ్చే ఏడాదికి పది లక్షల రోబోట్యాక్సీలు, అంటే డ్రైవర్ లేని ట్యాక్సీలు, అన్నాడు. ఉగాది పంచాంగ శ్రవణంలా ఏటా ఒక తేదీ. బెల్ గెడ్డెస్ టికెట్ కొనుక్కున్న సందర్శకుడికి కల చూపించాడు. వీళ్ల ఎదురుగా ఉన్నది పెట్టుబడిదారు. ఇరవై ఏళ్లంటే అతను లేచి వెళ్లిపోతాడు.

2018 మార్చి 18 రాత్రి ఆరిజోనా రాష్ట్రం టెంపీలో, సైకిల్ నెట్టుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఊబర్ పరీక్ష కారు ఢీకొంది. ఆమె చనిపోయింది. సీట్లో పర్యవేక్షకురాలు ఉన్నారు, దృష్టి రోడ్డు మీద లేదు. ప్రభుత్వ దర్యాప్తులో తేలిన ఒక సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు: కారు ఆమెను ముందే గుర్తించింది, కానీ వాహనమా, సైకిలా, ఇంకేదైనానా అని మాటిమాటికీ మార్చుకుంటూ పోయింది. జీబ్రా క్రాసింగ్ కాని చోట మనుషులు రోడ్డు దాటవచ్చన్న ఆలోచనే ఆ ప్రోగ్రామ్‌లో లేదు.

ఆ తర్వాత చాలా కంపెనీలు చేతులెత్తేశాయి. ఫోర్డ్ డబ్బు పెట్టిన ఆర్గో అనే కంపెనీ 2022లో మూతపడింది. ఫ్యూచరామా కట్టిన జనరల్ మోటార్స్ 2024 డిసెంబరులో రోబోట్యాక్సీల నుంచి తప్పుకుంది. గూగుల్ ప్రాజెక్టు నుంచి పుట్టిన వేమో మాత్రం 2020లో ఫీనిక్స్‌లో సీటు ఖాళీగా ఉన్న ట్యాక్సీలను మామూలు జనానికి తెరిచి, ఊరు తర్వాత ఊరుగా విస్తరిస్తోంది. వాట్సాప్ స్టేటస్‌లో మనం చూసేవి ఎక్కువగా అవే. ఆ కారుకు సందేహం వస్తే దూరంగా ఆఫీసులో కూర్చున్న మనిషిని అడుగుతుంది. అతను స్టీరింగ్ తిప్పడు, సలహా ఇస్తాడు. 1925లో వెనక కారులో కూర్చున్నవాడు గుర్తొస్తాడు.

ఇక మన సంగతి. 2017లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వబోమన్నారు, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయని. తేదీ చెప్పకుండా వద్దని చెప్పిన మాట ఈ చరిత్రలో అరుదు. అయినా పరిశోధన ఆగలేదు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 'తిహాన్' అనే కేంద్రం ఉంది. ఉత్తుత్తి కూడళ్లు, జీబ్రా గీతలు, కృత్రిమ వాన ఉన్న పరీక్షా మైదానం కట్టుకున్నారు. క్యాంపస్ లోపల డ్రైవర్ లేని చిన్న ఎలక్ట్రిక్ బండ్లు విద్యార్థులను ఎక్కించుకుని తిరుగుతున్నాయి.

గేటు బయట 65వ నంబరు జాతీయ రహదారి. అక్కడ యూటర్న్ కోసం కిలోమీటరు తిరగడం బద్ధకమైనవాడు బండిని రాంగ్ రూట్‌లో, హెడ్‌లైట్ వేసుకుని, చెయ్యి ఊపుతూ తీసుకొస్తాడు. ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్ ఆ చెయ్యి చూసి కాస్త పక్కకు తప్పుకుంటాడు.