‘డబ్బు చేతికిస్తే తాగేస్తారు’: ఒక బ్యాంక్ మిత్ర విన్న అపోహలు, చూసిన వాస్తవాలు

పల్నాడులోని ఓ ఊళ్ళో ఎనిమిదేళ్ళుగా బ్యాంక్ మిత్రగా, అంటే బ్యాంకు తరఫున ఊళ్ళోనే డబ్బు తీసిచ్చే మనిషిగా పనిచేస్తున్నాను. పాలకేంద్రం పక్కన ఒక గది, ఒక టేబుల్, వేలిముద్ర మిషన్, సరిగ్గా పని పడ్డప్పుడే సిగ్నల్ పోయే ఫోన్. నా ఆఫీసు ఇంతే. పీఎం కిసాన్ డబ్బు, తల్లికి వందనం డబ్బు, ఉపాధి కూలి, ఏదైనా సరే చాలామందికి నా టేబుల్ మీదే నోట్లుగా మారుతుంది. ఈ డబ్బుల మీద టీవీలో, టీకొట్టు దగ్గర, చుట్టాల పెళ్ళిళ్ళలో జరిగే చర్చలన్నీ నేనూ వింటాను. వాటిలో మళ్ళీ మళ్ళీ వినబడేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: డబ్బు చేతికిస్తే తాగేస్తారు

తాగేవాళ్ళు లేరని నేననను. మా ఊళ్ళోనూ ఉన్నారు. అయితే వాళ్ళు పథకం రాకముందూ తాగారు, పథకం ఆగినా తాగుతారు. పథకం డబ్బు వల్ల తాగుడు పెరిగిందా అన్నది వేరే ప్రశ్న. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా 2014లో ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి చూశారు. నగదు సాయం వల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరుగుతుందన్న వాదన నిలబడలేదు.

అంత దూరం వెళ్ళకపోయినా, మా ఇంట్లోనే చూడొచ్చు. మా అత్తయ్యకు వృద్ధాప్య పింఛను వస్తుంది. 2024 జులై నుంచి నెలకు 4,000. ఒకటో తేదీ పొద్దున్నే గ్రామ సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి చేతిలో పెడతారు. ఇదివరకు బీపీ మాత్ర రోజు మార్చి రోజు వేసుకునేది. అడిగితే ‘ఇవాళ తల తిరగట్లేదులే’ అనేది. షీటు నెలంతా రావాలని అలా సాగదీసేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు రోజూ వేసుకుంటుంది, అయిపోకముందే కొత్త షీటు తెప్పించుకుంటుంది.

పక్కనున్న కిరాణా కొట్టాయన పింఛనుదారులను ‘ఒకటో తారీఖు మనుషులు’ అంటాడు. వాళ్ళకైతే నెల మధ్యలో నూనె, పప్పు ధైర్యంగా అరువిస్తాడు. అంతకంటే ఎక్కువ సంపాదించే కూలీకి కూడా ఇవ్వడానికి వెనకాడతాడు, ఎందుకంటే ఆ కూలి ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఎంత వస్తుందన్నదే అందరూ అడుగుతారు. పేద ఇంట్లో అంతకు మించిన ప్రశ్న, ఏ రోజు వస్తుంది అన్నది.

పిల్లల చదువు డబ్బు సంగతే చూడండి. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద తల్లుల ఖాతాల్లో పిల్లాడికి 13,000 చొప్పున పడింది. బడి తెరిచే నెల అది. నోటు పుస్తకాలు, చెప్పులు, ప్రైవేటు బడి అయితే మొదటి టర్మ్ ఫీజు, అన్నీ అప్పుడే. అంతకుముందు చాలా ఇళ్ళలో దీనికోసం మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్ళు. 10,000 తెస్తే నెలకు 300, ఏడాది తీరకపోతే 3,600. అదే డబ్బు రెండు నెలలు ఆలస్యంగా పడితే పథకం వచ్చినట్టే, కానీ అందులో కొంత వడ్డీ వ్యాపారికి పోయినట్టు.

ఎవరి పేరున పడుతుందన్నదీ చిన్న విషయం కాదు. నా దగ్గరకు ఒకావిడ మొగుడితో కలిసి వస్తుంది. ఆయన వెనకాల నిలబడతాడు. ఆవిడ వేలు పెట్టి, ‘వెయ్యే తియ్యి వదినా, అంతే ఉంది’ అంటుంది. మర్నాడు పొద్దున్నే పాలు పోసి ఒక్కతే వచ్చి మిగతాది తీసుకుంటుంది. అప్పట్నుంచి నేను ఎవరి బ్యాలెన్సూ పైకి చదవను.

అపోహ: ఊరికే డబ్బులొస్తుంటే కూలికెవరు పోతారు?

మిరప కోతలప్పుడు రైతులు ఈ మాట బాగా అంటారు. వాళ్ళ టెన్షన్ నాకు తెలుసు, మా నాన్నా రైతే. కానీ లెక్క చూడండి. పీఎం కిసాన్ ఏడాదికి 6,000, అంటే నెలకు 500, రోజుకు 17 రూపాయలు కూడా కాదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307. ఏడాది సాయమంతా కలిపినా ఇరవై రోజుల కూలికి సరిపోదు. దాంతో ఎవరు కాళ్ళు చాపుకుని కూర్చుంటారు? నోబెల్ గ్రహీత అభిజిత్ బెనర్జీ, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు ఆరు దేశాల్లోని ఏడు పథకాలను పరిశీలిస్తే, డబ్బందిన వాళ్ళు పని మానేస్తున్నారన్న ఆధారం దొరకలేదు.

ఒక మార్పు మాత్రం నిజం. చేతిలో నాలుగు డబ్బులున్న మనిషి ముందుగా అడ్వాన్సు తీసుకుని తక్కువ కూలికి ఒప్పుకోవడం లేదు. బేరమాడుతున్నాడు. దీన్ని కొందరు సోమరితనం అంటున్నారు.

అపోహ: డబ్బు పడిందంటే అందినట్టే

నా రోజులో సగం దీనికే పోతుంది. ‘అందరికీ పడ్డాయంట, నాకు పడలేదు’ అని వచ్చేవాళ్ళలో చాలామందికి డబ్బు పడే ఉంటుంది, వాళ్ళు చూసే ఖాతాలో కాదు.

ఆధార్ ఆధారంగా పంపే డబ్బుకు ఖాతా నంబరుతో పనిలేదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. అందులో మీ ఆధార్ ఎదురుగా ఒకే ఒక్క బ్యాంకు ఉంటుంది, ఆఖరున ఎక్కడ లింకు చేయిస్తే అది. 2014లో జన్ ధన్ మొదలయ్యాక మా ఊళ్ళో మనిషికి రెండు మూడు ఖాతాలు తయారయ్యాయి. ఒకామె డబ్బు కోసం మూడు బ్యాంకులు తిరిగాం. చివరికి చూస్తే, ఎప్పుడో సిమ్ కార్డు కొంటూ వేలు పెట్టినప్పుడు తెరిచిన ఖాతాలో భద్రంగా ఉంది. అలాంటి ఖాతా ఒకటుందని ఆమెకు తెలియనే తెలియదు. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు సీడింగ్ (లింకు) స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో చెబుతుంది. కావలసిన బ్యాంకుకు వెళ్ళి సీడింగ్ ఫారం ఇస్తే మారుతుంది.

ఆ తర్వాత వేళ్ళు. మిరపకాయలు కోసిన వేళ్ళు, సిమెంటు కలిపిన వేళ్ళు మిషన్‌కు ఆనవు. గీతలు అరిగిపోయి ఉంటాయి. కొంచెం కొబ్బరి నూనె రాసి తుడిచి, బొటనవేలు వదిలేసి ఉంగరం వేలు పెట్టిస్తే ఒక్కోసారి పడుతుంది. పడకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు అప్‌డేట్ చేయించుకోవాలి. అంటే ఒక రోజు కూలి పోయినట్టే.

అపోహ: రైతు సాయం సాగు చేసేవాడికే వెళుతుంది

వెళ్ళదు. 2019 ఫిబ్రవరిలో మొదలైన పీఎం కిసాన్ భూమి రికార్డులో పేరున్న వాళ్ళకే. మా వైపు మిరప, పత్తి వేసేవాళ్ళలో కౌలు రైతులు బోలెడు మంది. కౌలు వాళ్ళదే, మందుల ఖర్చు వాళ్ళదే, నష్టమూ వాళ్ళదే. విడతకు వచ్చే 2,000 మాత్రం పట్నంలో ఉండే భూస్వామి ఫోన్‌లో మోగుతుంది. 2019లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. దానికి యజమాని సంతకం కావాలి. పొలం చేజారుతుందేమోనని చాలామంది పెట్టరు. నిజానికి అది 11 నెలలకే చెల్లుతుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది.

అపోహ: రేషన్ బియ్యం ఆపేసి ఆ డబ్బూ ఖాతాలో వేస్తే సరి

2015లో చండీగఢ్, పుదుచ్చేరిలో ఇలా చేసి చూశారు. నేనైతే ఒప్పుకోను. బజారులో బియ్యం ధర పెరిగితే ఖాతాలో పడేది దానంతటదే పెరగదు. డబ్బు మందులకీ ఫీజులకీ, బియ్యం కుండలోకి. రెండూ కావాలి.

అపోహ: మిషన్ ‘ఫెయిల్’ అందంటే డబ్బు కట్ కాలేదు

ఇది నాకే తగిలింది. ఒక పెద్దావిడ 2,000 తీద్దామని వేలు పెడితే ఫెయిల్ అని వచ్చింది. మర్నాడు పాస్‌బుక్ ఎక్కిస్తే 2,000 పోయి ఉంది. నేను కొట్టేశానని ఊరంతా అంది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అలాగే అనేదాన్నేమో. నాలుగో రోజు డబ్బు తిరిగి ఖాతాలో పడింది. ఆధార్ లావాదేవీలో ఇలా కట్ అయితే ఐదు రోజుల్లోపు తిరిగి వేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 చొప్పున కట్టాలని రిజర్వ్ బ్యాంకు 2019లో నిబంధన పెట్టింది. అది నాకూ ఆ తర్వాతే తెలిసింది.

అందుకే ఇప్పుడు ఫెయిల్ అయినా సరే స్లిప్ తీసి ఇస్తున్నాను. మీ ఊళ్ళో ఇవ్వకపోతే అడగండి. కాగితం అయిపోయిందంటే, ఫోన్ తెర మీదున్న లావాదేవీ నంబరైనా రాయించుకోండి. మిషన్ మీద ఎంత అంకె ఉందో చదివించుకున్నాకే వేలు పెట్టండి. ఆ పెద్దావిడ ఇప్పుడు మనవరాలిని వెంటబెట్టుకుని వస్తోంది. ఆ పిల్ల అంకె గట్టిగా చదివే దాకా వేలు కొంగులోంచి బయటికి తియ్యదు.