దూది పెట్టెలో న్యూటన్

"సొరుగు సర్దుతుంటే పాత ఎంపీత్రీ ప్లేయర్ బయటపడింది. ఇంకా పాడుతోంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినీ వినీ చెవులు నొప్పెడుతున్నాయి. పది బై పన్నెండు పడగ్గది, చేతిలో పదిహేను వందలు. దీంతో స్టీరియో అవుతుందా సార్?" అని ఒక కుర్రాడు అడిగాడు.

అవుతుంది. ఏ బోర్డు కొనాలో, ఏ వైరు ఎక్కడ అతకాలో చెప్పడానికి ఒకటి రెండు పేరాలు చాలు. అవి చివర్లో చెప్తాను. ముందు నాకు పెట్టె గురించి మాట్లాడాలని ఉంది. డబ్బు తక్కువున్నవాడికి పెట్టెను మించిన దిక్కు లేదు.

అంతకన్నా ముందు వాట్ల పిచ్చి ఒకటి వదిలించుకోవాలి. బజార్లో స్పీకర్ల అట్టపెట్టె మీద "పీఎంపీఓ 1200 వాట్లు" అని రాసి ఉంటుంది. పీఎంపీఓ అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి అని చెప్పుకుంటారు. ఆ అంకెకు ఒక ప్రమాణమంటూ లేదు. అదే పెట్టెలోని అడాప్టరు తిరగేస్తే 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉందనుకోండి. అంటే 24 వాట్లు. 24 తిని 1200 కక్కే యంత్రమే ఉంటే కరెంటు ఆఫీసులు మూసేసి ఇంటింటికీ ఒకటి పంచిపెట్టొచ్చు. రాళ్ల ఉంగరాలు నమ్మనివాళ్లు కూడా ఈ అంకెను నమ్ముతారు! నిజానికి సాదా నాలుగంగుళాల స్పీకరుకు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో సుమారు 85 డెసిబెల్ల మోత వస్తుంది. వాటులో పదోవంతు ఇస్తే 75. మామూలు మాటలు 60 దగ్గర ఉంటాయి. పడగ్గదికి వాటులో పదోవంతు దండిగా సరిపోతుంది. తబలా దెబ్బ పడ్డ క్షణానికి రెండు మూడు వాట్లు ఉంటే చాలు.

ఇక అసలు సంగతి. కొత్త స్పీకరు కొని, పెట్టె లేకుండా బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించి పాట పెట్టండి. గొంతు వినిపిస్తుంది, తాళం చప్పుడు వినిపిస్తుంది, మృదంగం మాత్రం మాయం. స్పీకరు పాడైందని దుకాణానికి తిరిగి పట్టుకెళ్లినవాళ్లు నాకు తెలుసు. అందులో నేనూ ఒకణ్ణి. ఆ దుకాణాయన ఏమీ మాట్లాడకుండా స్పీకర్ని తీసుకుని ఖాళీ అట్టపెట్టెకున్న చిల్లు మీద ఆనించాడు. మృదంగం ఎక్కణ్నుంచో ఊడిపడింది.

మా పెరట్లో నీళ్ల గాబు ఉండేది. ఒక పళ్లెం నిలువుగా నీళ్లలో ముంచి నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఆడించండి. ముందున్న నీళ్లు ఎక్కడికీ పోవు, పళ్లెం అంచు చుట్టి వెనక్కి వచ్చేస్తాయి. గాబు అవతలి గోడకు అల కూడా తగలదు. అదే పళ్లేన్ని చురుగ్గా విదిలించండి. నీళ్లకు అంచు చుట్టి వచ్చే తీరిక ఉండదు, అల గోడదాకా పోతుంది.

స్పీకరు మధ్యలో ఊగే కాగితపు గరాటును కోను అంటారు. ఆ కోనే ఈ పళ్లెం. కోను ముందుకు వస్తే ముందు గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. రెండూ ఒకదానికొకటి విరుగుడు. సన్నటి స్వరమైతే కోను విదిలింపు వేగంగా ఉంటుంది కాబట్టి తప్పించుకుపోతుంది. మృదంగం తొప్పి వైపు మోతకు ఆ అదృష్టం లేదు. లెక్క వేద్దాం. 100 హెర్ట్జ్, అంటే సెకనుకు వంద ఊపుల ధ్వని తరంగదైర్ఘ్యం 3 మీటర్ల 43 సెంటీమీటర్లు. కోను ముందు నుంచి వెనక్కి దారి పది సెంటీమీటర్లు. ఒక పూర్తి ఊపును 360 డిగ్రీలనుకుంటే, వెనక అల ముందు అలకన్నా పదిన్నర డిగ్రీలే ఆలస్యంగా వచ్చి కలుస్తుంది. కలిశాక మిగిలేది ఒక వైపు ఒత్తిడిలో 18 శాతం. డెసిబెల్లలో చెబితే 15 నష్టం. అదే 1000 హెర్ట్జ్ దగ్గరైతే ఆలస్యం 105 డిగ్రీలు, అక్కడ రెండూ కొట్టుకోకపోగా ఒకదానికొకటి తోడవుతాయి. బడిలో "వేగం సమానం పౌనఃపున్యం ఇంటూ తరంగదైర్ఘ్యం" అని వందసార్లు రాయించారు గానీ, ఒక్క మాస్టారూ స్పీకరు తెచ్చి బల్ల మీద పెట్టలేదు. పెట్టి ఉంటే ఆ ఒక్క పీరియడు చాలేది.

మరి పళ్లేన్ని ఏం చేయాలి? గాబుకు అడ్డంగా పలక దించి, పలకకు చిల్లు కోసి, ఆ చిల్లులో పళ్లెం ఆడించాలి. ఇటు నీళ్లు అటు పోవు. తలుపుకు చిల్లు కోసి స్పీకరు బిగిస్తే అచ్చంగా ఇదే. అద్దె ఇంట్లో తలుపు కోయలేం కనుక, ఆ పలకను వెనక్కి మడిచి మడిచి మూసేస్తే అదే పెట్టె. వెనక అలను చంపి పాతరేసే చోటన్నమాట. పాతరేయకుండా వాడుకునే పద్ధతి కూడా ఉంది. పెట్టెకు గొట్టం పెట్టి, వెనక అలను సమయం చూసి ముందు అలతో కలిపే ఉపాయానికి బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఆల్బర్ట్ థురాస్ 1932లో పేటెంటు పొందాడు. దానికి స్పీకరు కొలతలన్నీ తెలియాలి. చిల్లర స్పీకరుతో ఆ కొలతలు రావు. మనకు మూసిన పెట్టే మేలు.

ఒకప్పుడు మన ఊళ్లలో కుండ మూతికి స్పీకరు బిగించి టేప్ రికార్డరుకు తగిలించేవాళ్లు. కొత్త కుండైతే బేసు (మృదంగం తొప్పి లాంటి లోతైన మోత) బాగా వస్తుందని, నీళ్లు తాగిన కుండకు రాదని మా వీధిలో ఒక నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా కుండ మంచి పెట్టె. కాలిన మట్టి గట్టిది, గుండ్రటి గోడ తనంతట తాను ఊగదు, ఎదురెదురు గోడలు లేవు. పల్చటి ప్లైవుడ్డు పెట్టెకన్నా నేను దానికే ఓటేస్తాను. కుండ నోరు ఆకాశం వైపు పెట్టడమే తప్పు. తాళాలూ, "స"కారాలూ ఇంటికప్పు వింటుంది, మీరు వినరు. పక్కకు పడుకోబెట్టి అడుగున చుట్టగుడ్డ పెట్టండి.

పెట్టె మూశాక కొత్త చిక్కు మొదలవుతుంది. లోపల గాలి స్ప్రింగవుతుంది. నాలుగంగుళాల కోను వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. అది 2 మిల్లీమీటర్లు లోపలికి వస్తే 10 ఘనసెంటీమీటర్ల గాలిని అదుముతుంది. 5 లీటర్ల కుండలో అది 0.2 శాతం. ఏముందిలే అనిపిస్తుంది. కానీ వాతావరణ పీడనం తక్కువేం కాదు, సుమారు 1,01,325 పాస్కల్లు. అందులో 0.2 శాతాన్ని 1.4తో (ఇదెక్కడిదో తర్వాత చెప్తాను) గుణిస్తే పీడనం 284 పాస్కల్లు పెరుగుతుంది, కోను మీద 145 గ్రాముల బరువు ఆనినట్టు. కాగితం కోను మీద దాదాపు మూడు కోడిగుడ్లు! కుండ చిన్నదైతే గుడ్లు పెరుగుతాయి, బేసు తగ్గుతుంది. స్పీకరు కోనును మెత్తగా వేలాడగట్టి, పని చేసే స్ప్రింగు గాలే కావాలని పట్టుబట్టి 1954లో ఎడ్గర్ విల్చర్ అమెరికాలో ఏఆర్-1 అనే చిన్న పెట్టెను తెచ్చాడు. అప్పటిదాకా బీరువాలంత ఉన్న పెట్టెలు పుస్తకాల అరలోకి దిగడానికి దారి అదే.

ఆ 1.4 ఎక్కడిది? ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లకు గుర్తుండాలి: లాప్లాస్ సవరణ. గాలిలో ధ్వని వేగాన్ని న్యూటన్ బాయిల్ సూత్రాన్ని (ఉష్ణోగ్రత మారకపోతే, గాలిని సగానికి అదిమితే పీడనం రెట్టింపవుతుంది) నమ్ముకుని లెక్కగడితే సెకనుకు 280 మీటర్లే వచ్చింది. అసలు వేగం 0 డిగ్రీల దగ్గర 331. అదిమిన గాలి వేడెక్కుతుంది, ఆ వేడి పక్కకు పోయేంత వ్యవధి ఉండదు, అందుకే గాలి అనుకున్నదానికన్నా 1.4 రెట్లు బిరుసుగా ఉంటుందని ఫ్రెంచి శాస్త్రవేత్త లాప్లాస్ సరిదిద్దాడు. పరీక్షలో ఇది రాసి మార్కులు తెచ్చుకుని మరిచిపోయాం.

ఇప్పుడు కుండలో దూది కూరండి. గాలి వేడెక్కగానే పోగులు ఆ వేడిని తాగేస్తాయి, చల్లబడగానే తిరిగిస్తాయి. ఉష్ణోగ్రత దాదాపు మారదు. అంటే దూది పెట్టెలో న్యూటన్ లెక్కే సరి! మూడువందల ఏళ్ల కింద తప్పిన లెక్కను పావుకిలో దూది ఒప్పు చేస్తోంది. 1.4 కాస్తా 1 వైపు జారుతుంది, 145 గ్రాములు 104 వైపు. పూర్తిగా అక్కడిదాకా రాదు గానీ, కుండ ఉన్నదానికన్నా పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. 100 హెర్ట్జ్ కదలికలో వేడి గాలిలో పావు మిల్లీమీటరుకు మించి నడవలేదు. కాబట్టి పోగుకూ పోగుకూ మధ్య ఎడం అర మిల్లీమీటరు లోపు ఉండాలి. దూది ఉండలుగా పడేస్తే వేడి అందదు, దిమ్మిసకొట్టినట్టు కూరితే గాలికి చోటే ఉండదు. ఏకిన దూది ఒదులుగా నింపాలి. నేను మొదటిసారి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తలగడ విప్పి బూరుగు దూది వాడాను. గింజలు ఏరలేదు. బేసు వచ్చిన ప్రతిసారీ కుండలో ఆవాలు వేగాయి.

ఇక మాటిచ్చిన పేరాలు. హైదరాబాదు వాళ్లయితే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లండి. పీఏఎం8403 చిప్పున్న బోర్డు అడగండి. అగ్గిపెట్టెకన్నా చిన్నది, వంద రూపాయలు కూడా కాదు. 5 వోల్టుల ఫోను ఛార్జరుతో నడుస్తుంది, 4 ఓముల స్పీకర్లకు చెరో మూడు వాట్లు ఇస్తుంది. రెండు స్పీకర్ల నల్ల వైర్లను ఎప్పుడూ ఒకచోట ముడేయకండి. ఈ చిప్పు ప్రతి స్పీకర్ని రెండు కొసల నుంచీ తోస్తుంది, ముడేస్తే చిప్పు మాడిపోవచ్చు. ప్లేయర్ జాకులో గుచ్చే పిన్నుకు కొస ఎడమ, మధ్య ఉంగరం కుడి, మొదలు గ్రౌండు (కరెంటు తిరిగొచ్చే ఉమ్మడి దారి). స్పీకరు అంచు చుట్టూ ఎంసీల్ మెత్తండి. గాలి ఎక్కడా కారకూడదు.

ప్లేయర్‌ని బోర్డు ఛార్జరుతోనే ఛార్జి చేస్తూ పాట పెట్టారా, కుండలోంచి సన్నటి ఈల వస్తుంది. ఛార్జింగు కరెంటు, పాట ఒకే గ్రౌండు వైరు మీద తిరిగి రావడమే కారణం. అర ఆంపియరు, ఓములో పదోవంతున్న వైరు మీద 50 మిల్లీవోల్టులు వదిలిపోతుంది. ప్లేయర్ పంపే పాటే కొన్ని వందల మిల్లీవోల్టులు. ఛార్జింగు పగలు పెట్టుకోండి, రాత్రి బ్యాటరీ మీద వినండి.

ఇంకా ఏదైనా గిలగిలమంటే స్పీకర్ని తిట్టే ముందు బీరువాకు వేలాడుతున్న తాళాలగుత్తి తీసి చూడండి.