నర్సింగ్‌లో మనసు, నీతి: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: మంచి నర్సు ఎమోషన్స్ పక్కన పెట్టి పనిచేయాలి.

వాస్తవం: పక్కన పెట్టామనుకున్న ఎమోషనే మన చేత తప్పులు చేయిస్తుంది. ఒక పేషెంట్ పొద్దున్నుంచీ అరుస్తున్నాడనుకోండి. మనకు తెలియకుండానే ఆ బెడ్ దగ్గరికి వెళ్లడం తగ్గిస్తాం. కాల్ బెల్ మోగితే "మళ్లీ ఆయనేనా" అనుకుంటూ నిదానంగా లేస్తాం. నొప్పి మందు ఆలస్యమవుతుంది. హ్యాండోవర్‌లో "ఆయనతో చాలా కష్టం" అన్న ఒక్క మాటతో తర్వాతి షిఫ్టు వాళ్లకూ అదే అభిప్రాయం పడిపోతుంది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, అయినా ఆ మనిషికి అన్యాయం జరిగింది. అందుకే భావోద్వేగ ప్రజ్ఞ (మన ఎమోషన్స్‌నూ ఎదుటివాళ్ల ఎమోషన్స్‌నూ గుర్తించి మసలుకోవడం), వృత్తి నీతి వేర్వేరు పాఠాలంటే నేను ఒప్పుకోను. "నాకు చిరాకు వస్తోంది" అని గుర్తించిన నర్సుకే "ఈయన ఎందుకిలా ఉన్నాడు?" అని ఆలోచించే వీలుంటుంది. భయం కావచ్చు, చెప్పుకోలేని నొప్పి కావచ్చు. ఆక్సిజన్ తగ్గినా, షుగర్ పడిపోయినా మనిషి ఇలాగే ప్రవర్తించవచ్చు. ముందు అవి చూడండి.

అపోహ: భావోద్వేగ ప్రజ్ఞ పుట్టుకతో రావాలి.

వాస్తవం: 1990లో సాలోవే, మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని కొన్ని నైపుణ్యాలుగానే వివరించారు. సాధన చేస్తే మెరుగుపడుతుంది.

అపోహ: నీతి ప్రశ్నలు వెంటిలేటర్ తీయాలా వద్దా లాంటి పెద్ద విషయాల్లోనే వస్తాయి.

వాస్తవం: బెడ్ చుట్టూ స్క్రీన్ వేశామా, పేషెంట్‌ను ముట్టుకునే ముందు చెప్పామా, బీపీ నిజంగా చూసే చార్టులో రాశామా? రోజూ ఎదురయ్యేవి ఇవే.

అపోహ: డాక్టర్ ఆర్డర్ పాటిస్తే నర్సు బాధ్యత తీరినట్టే.

వాస్తవం: అంతర్జాతీయ నర్సుల మండలి 1953 నియమావళిలో డాక్టర్ ఆదేశాలను విధేయంగా పాటించాలని ఉండేది. నీతికి విరుద్ధమైనవాటిని నిరాకరించాలని కూడా అందులోనే ఉంది. 1973 నాటికి, నర్సు మొదటి బాధ్యత సంరక్షణ అవసరమైనవారి పట్లేనని మార్చారు. డోసు ఎక్కువగా అనిపిస్తే "సార్, ఒకసారి కన్ఫర్మ్ చేస్తారా?" అని అడగండి. టెన్షన్ ఉంటుంది. అయినా జవాబు వచ్చేదాకా మందు ఇవ్వకండి.

అపోహ: ఓర్పు లేనివాళ్లే అలసిపోతారు.

వాస్తవం: ఏది సరైనదో తెలిసీ చేయనివ్వని పరిస్థితుల్లో పడే బాధను 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త నైతిక వేదన అన్నాడు. వార్డులో చాలినంతమంది నర్సులు లేనప్పుడు స్టాఫ్‌కు ఓర్పు గురించి క్లాసులు పెట్టడం న్యాయం కాదు. ఆ షిఫ్టులో ఏ పని ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో ఇన్‌చార్జ్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి.