పంచదార మానేస్తే క్యాన్సర్ ఆకలితో మాడుతుందా?

చిరంజీవులకు ఆశీస్సులు.

అమ్మమ్మకి క్యాన్సర్ ఎక్కడుందో చూపే పెట్ స్కాన్ ముందు 6 గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వొద్దన్నారని, సూది వేశాక గంటసేపు మాట్లాడకుండా దుప్పటి కప్పుకుని పడుకోమన్నారని రాశారు. "క్యాన్సర్‌కి తీపి అంత ఇష్టమైతే అమ్మమ్మ చేత పంచదార మాన్పిస్తే పోలా?" అని చిన్నది అడిగిందట. అడగాల్సిన ప్రశ్నే.

ఆ సూదిలో ఉండేది రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజ్. కణంలోకి వెళ్ళగానే హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ (కణంలో రసాయన మార్పులు చేసే పనివాడు) దానికో ఫాస్ఫేట్ అంటిస్తుంది. ఇక అది బయటికి రాలేదు. ఫ్లోరిన్ అడ్డం గనక తర్వాతి ఎంజైమ్ దాన్ని ముట్టుకోదు. చాలా క్యాన్సర్ కణాల్లో హెక్సోకైనేజ్ మామూలుకంటే ఎక్కువ, అందుకే స్కాన్ బొమ్మలో గడ్డ మెరుస్తుంది. తిని వెళ్తే ఇన్సులిన్ పెరిగి ఆ గ్లూకోజ్‌ని కండరాలు లాగేసుకుంటాయి. కబుర్లు చెబితే గొంతు కండరాలు, చలేస్తే మెడ దగ్గరి గోధుమరంగు కొవ్వు మెరిసి డాక్టర్ని తికమక పెడతాయి. మెదడు, మూత్రాశయం ఎలాగూ మెరుస్తాయి, బొమ్మ చూసి హడలిపోకండి.

మరి అంత గ్లూకోజ్ దేనికి? మామూలు కణం గ్లూకోజ్ అనే కట్టెను బూడిదయ్యేదాకా కాలుస్తుంది. ఒక గ్లూకోజ్‌కి సుమారు 30 ఏటీపీలు, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు, వస్తాయి. క్యాన్సర్ కణం చాలా కట్టెల్ని సగంలోనే లాగేస్తుంది, అలా వచ్చేవి రెండే. 1920లలో బెర్లిన్‌లో ఓటో వార్‌బుర్గ్ అనే శాస్త్రవేత్త ఇది గమనించి, పొయ్యి పాడైందనుకున్నాడు. చాలా క్యాన్సర్లలో పొయ్యి నిక్షేపంగా ఉంది. ఇల్లు కట్టేవాడు కలపంతా పొయ్యిలో పెడతాడా? దూలాలకీ వాసాలకీ దాచుకుంటాడు. ఒక కణం రెండవ్వాలంటే కొత్త డీఎన్ఏ, కొత్త పొరలు కావాలి కదా. పైరువేట్ కైనేజ్ ఎం2 అనే ఎంజైమ్ మందకొడిగా పనిచేసి కొంత కలపను అటు మళ్ళిస్తుంది. మిగిలిన కొరకంచుల్ని లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే ఇంకో ఎంజైమ్ లాక్టేట్‌గా మార్చి పెరట్లోకి విసిరేస్తుంది. పోలిక ఇక్కడ కాస్త కుంటుతుంది, సర్దుకోండి. ఎందుకంటే ఈ చెత్త ఊరికే పడుండదు. చుట్టుపక్కల ఆమ్లత పెరిగి రక్షణ కణాలు నీరసిస్తాయి, కణజాలం వదులవుతుంది, క్యాన్సర్ పక్కకి పాకే దారి దొరుకుతుంది.

పంచదార మాన్పించినా కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది. పైగా ఈ కణాలు గ్లుటమిన్ అనే అమినో ఆమ్లంతోనూ బతుకుతాయి. తిండి మాన్పిస్తే బక్కచిక్కేది అమ్మమ్మే. షుగరు జబ్బుంటే పథ్యం వేరే సంగతి.

పనికొచ్చేది ఏదో ఒక ఎంజైమ్‌ని గురిచూసి ఆపడం. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకిచ్చి, కొందరిలో జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఆ మందు డైహైడ్రోఫోలేట్ రిడక్టేస్ అనే ఎంజైమ్‌ని పట్టేస్తుంది. దాంతో ఫోలేట్ అనే విటమిన్ వాడకానికి రాదు, కొత్త డీఎన్ఏ తయారవదు.

దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. కీళ్ళవాతం ఉన్న పెద్దవాళ్ళ మందుల డబ్బాలో ఆ పేరు ఉందేమో చూడండి, ముట్టుకోకుండా చదవండి. కీళ్ళవాతానికి దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. సోమవారమో మంగళవారమో, ఏ రోజో అట్ట మీద రాసి పెట్టించండి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూసి, మూలుగలో రక్తకణాల తయారీ ఆగి ప్రాణం మీదికొస్తుంది.

మీ తాతయ్య