మాగాణి పెసర: గింజ నుంచి మొక్క దాకా లెక్క

తెనాలి చుట్టుపక్కల మాగాణుల్లో పెసరకు దుక్కి దున్నరు. వరి కోతకు రెండు మూడు రోజులుందనగా నిలబడి ఉన్న చేలోనే విత్తనం చల్లేస్తారు. ఆ తర్వాత నేలలో మిగిలిన పదును, రాత్రి కురిసే మంచు, అంతే. 65–75 రోజుల్లో పంట చేతికి రావాలి. గొర్రు తోలడానికి సాళ్లుండవు, చాలా చోట్ల తడి కూడా పెట్టరు. మధ్యలో దిద్దుకునే వీలు తక్కువ కాబట్టి మొలిచిన మొక్కలెన్ని అన్నదే ఇక్కడ అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

చల్లిన చేలో సాళ్లు లేకున్నా, లెక్క కోసం సాళ్ల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల చొప్పున చూస్తే చదరపు మీటరుకు 33 మొక్కలు. మొక్కకు 15 కాయలు, కాయకు 10 గింజలు, వంద గింజలు మూడున్నర గ్రాములు అనుకుందాం. గుణిస్తే ఎకరాకు ఏడు క్వింటాళ్లు. కాగితం మీద ఏడే లెండి, పురుగు వాటా, రాలుడు తీసెయ్యాలి. మరి మొక్కలు సగమే ఉంటే? మెట్టలో అయితే మిగిలినవి కొమ్మలేసి కొంత పూడుస్తాయి. మాగాణిలో పదును ఆరేలోపే పూత, కాయ ముగియాలి. కొమ్మలు వేసే తీరిక ఎక్కడిది?

చదరపు మీటరుకు ఆ 33 మొక్కలు రావడానికి ఎకరాకు ఐదు కిలోల లోపు గింజే చాలు. అయినా మాగాణిలో 10–12 కిలోలు చల్లమంటారు. బురదలో కుళ్లేది, పైన ఎండిపోయేది, కోత మిషను కింద నలిగేది, గడ్డి కుప్పల కింద పాలిపోయేది పోను మిగలాలి కదా. ముందు మొలక శాతం చూసుకోకుండా చల్లితే ఈ లెక్కంతా వృథా.

విత్తనశుద్ధి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. కిలోకు 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ అనే పురుగుమందు పట్టిస్తే తొలి రోజుల్లో తెల్లదోమ అదుపులో ఉంటుంది. ఆకులను పసుపు పచ్చగా మార్చే వైరస్ జబ్బు పల్లాకు తెగులును మోసేది ఆ దోమే. వైరస్ చెట్టులో చేరాక దాన్ని నయం చేసే మందు లేదు. గుంటూరు పక్కన లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎల్‌జీజీ 460 లాంటి రకాలు ఈ తెగులును కొంత తట్టుకుంటాయి, కాయలూ ఇంచుమించు ఒకేసారి ముదురుతాయి. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బాక్టీరియాను మాత్రం చల్లబోయే ముందు, అన్నిటికన్నా చివర పట్టించాలి. నెలల తరబడి నీళ్లు నిలిచిన నేలలో ఆ బాక్టీరియా పలచబడుతుంది. నెల మొక్కను పీకి వేరు బుడిపె కోస్తే లోపల గులాబీ రంగుండాలి, అప్పుడే అది నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు.

ఇక బంగారు తీగ అనే కలుపు. వేరు లేదు, ఆకు లేదు, పెసర రసమే దానికి తిండి. తరచుగా అది చేలోకి వచ్చేది మన విత్తనంతోనే. దాని గింజ పెసర కన్నా బాగా చిన్నది, కాబట్టి జల్లెడ పడితే చాలావరకు పోతుంది. చేలో పసుపు మచ్చలా కనబడితే పూతకు రాకముందే అల్లుకున్న పెసర మొక్కలతో సహా పీకి తగలబెట్టాలి. తీగ ముక్క మిగిలినా పక్క మొక్కను పట్టేస్తుంది.