వార్ఫరిన్ మోతాదు: రెండో రోజు తొందర, ఐదో రోజు రక్తస్రావం

కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఆసుపత్రిలో చేరిన తన తండ్రికి, రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే వార్ఫరిన్ అనే మందు మోతాదును రోజుకో రకంగా ఎందుకు మార్చారని ఒక పాఠకురాలు అడిగారు. సందేహం సమంజసమైనదే, ఈ మందు విషయంలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

వార్ఫరిన్ గానీ, మన దగ్గర విరివిగా రాసే అదే కోవ మందు ఎసెనోకౌమరాల్ గానీ, కాలేయంలో విటమిన్-కె పునర్వినియోగాన్ని అడ్డుకుంటాయి. దాంతో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లలో, అంటే గడ్డకట్టే కారకాల్లో, 2, 7, 9, 10 సంఖ్యలవి పనికొచ్చే రూపంలో కొత్తగా తయారుకావు. అప్పటికే రక్తంలో ఉన్నవాటి జోలికి మాత్రం ఈ మందు పోదు. మోటారు ఆపేసినా మేడమీద ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కుళాయి వస్తూనే ఉంటుంది కదా, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ ట్యాంకులు నాలుగు, ఒక్కొక్కటి ఒక్కో వేగంతో ఖాళీ అవుతుంది. 7వ కారకం సగానికి తగ్గడానికి సుమారు 6 గంటలు చాలు. 2వ కారకానికి, అంటే ప్రోత్రాంబిన్‌కు, 60 గంటలు లేదా అంతకుమించి పడుతుంది. వైద్య విద్యార్థులు ఆ నాలుగు సంఖ్యలనూ కంఠస్థం చేస్తారు గానీ, ఈ గంటలను పరీక్ష రాయగానే మరచిపోతారు.

రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె ఐఎన్‌ఆర్. రెండో రోజు అది 1.2 దగ్గరే ఉందని డ్యూటీ డాక్టరు 5 మిల్లీగ్రాములను 10 చేశారనుకుందాం. నీళ్లు ఇంకా వస్తున్నాయని, ఆపిన మోటారునే మళ్లీ ఆపడం లాంటిది ఇది. ఐదారు రోజులకు ట్యాంకులన్నీ అడుగంటుతాయి, ఐఎన్‌ఆర్ 6 దాటుతుంది, చిగుళ్ల నుంచి రక్తం మొదలవుతుంది. అప్పుడు మందు ఆపినా ట్యాంకు నిండడానికి రోజులు పడుతుంది. విటమిన్-కె ఇచ్చినా కొన్ని గంటలు ఆగాలి. ప్రాణం మీదికి వస్తే ఆ కారకాలనే నేరుగా అందించే ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్ ఎక్కిస్తారు, అది ట్యాంకరు తెప్పించి నేరుగా పోయించుకోవడం.

దీనికి తిరగబడిన తప్పు మరింత మోసకారి. మూడో రోజు ఐఎన్‌ఆర్ 2.1 కనబడగానే, వార్ఫరిన్ పనిచేయడం మొదలయ్యేదాకా తోడుగా ఇచ్చే ఇంజెక్షన్ హెపారిన్‌ను ఆపేస్తారు. ఆ అంకె పెరిగింది ముఖ్యంగా 7వ కారకం తరిగినందువల్ల. ప్రోత్రాంబిన్ ఇంకా చాలావరకు అలాగే ఉంది. పైగా గడ్డకట్టడాన్ని అదుపుచేసే ప్రోటీన్-సి కూడా 7వ కారకంలాగే తొందరగా తగ్గిపోతుంది కాబట్టి, రక్తం మరింతగా గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకే రెండు మందులనూ కనీసం 5 రోజులు కలిపి ఇవ్వాలి, ఐఎన్‌ఆర్ 2 దాటి కనీసం 24 గంటలు నిలవాలి.

చేతిరాతలో 1.0 మిల్లీగ్రాము అని రాస్తే చుక్క కనబడక 10గా చదివే ప్రమాదం వేరే ఉంది. ఇక విటమిన్-కె ఉంటుందని గోంగూర, తోటకూర ముట్టకూడదన్న భయం అనవసరం; ఎప్పుడూ తినేంతే తింటే మోతాదును దానికి తగ్గట్టు సరిచేసుకోవచ్చు. ఆకుకూరల కన్నా భయపడవలసినవి మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకోనజోల్ వంటి ఇన్‌ఫెక్షన్ మందులు. ఇవి వార్ఫరిన్‌ను విచ్ఛిన్నం చేసే కాలేయ ఎంజైమును మందగింపజేస్తాయి. పంటినొప్పికని డిశ్చార్జి చీటీలో మెట్రోనిడజోల్ చేర్చినవారు, 3 నుంచి 5 రోజుల్లో ఐఎన్‌ఆర్ మళ్లీ చూపించుకోవాలని కూడా ఆ చీటీలోనే రాయాలి.